కామెర్ల దురద
పైత్యరసం కాలేయం నుంచి పేగులోకి సాఫీగా దిగనప్పుడు పుట్టే మొండి దురద. కళ్లు పచ్చబడకముందే రావచ్చు. ఒంటిమీద దద్దుర్లుండవు, అరిచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువై రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. అలర్జీ మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు.

సాధారణంగా మొదట ఇచ్చేది కొలెస్టిరమిన్ పొడి: నీళ్లలో కలిపి, రోజుకు 4 నుంచి 16 గ్రాములు. ఇది పేగులో పైత్య లవణాలను పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. ఇతర మందులనూ పట్టేస్తుంది కనుక వాటిని గంట ముందో, 4 గంటల తర్వాతో వేసుకోవాలి. తగ్గకపోతే క్షయకు వాడే రిఫాంపిసిన్. అది కాలేయాన్ని దెబ్బతీయగలదు, రక్తపరీక్షలు తప్పవు. ఆపై నాల్ట్రెక్సోన్, సెర్ట్రలిన్.

కామెర్లంటే పసరు తాగడం తెలుగునాట పాత అలవాటు. పైత్యరస నాళానికి రాయి అడ్డుపడితే పసరు దాన్ని తీయలేదు, ఎండోస్కోపీ కావాలి. ఈలోగా విలువైన రోజులు పోతాయి. గర్భిణికి ఇలాంటి దురద వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి. కడుపులో బిడ్డకు ప్రమాదం.