తపాలా బిళ్ళపై క్రీస్తు జననము

వైనతేయ గోదావరి సముద్రములో కలియు మన ఓడలరేవుకు ఒకప్పుడు క్రిస్మసు శుభాకాంక్షలు తపాలాలోనే వచ్చెడివి. ఆ కవర్లపైని బిళ్ళలకును చరిత్ర కలదు.

1898లో కెనడా తన బిళ్ళపై క్రిస్మసు పేరు ముద్రించెను. 1943లో, యుద్ధకాలమందే, హంగేరీ క్రీస్తు జననదృశ్యమును ముద్రించెను. 1966లో బ్రిటను ఆరేండ్ల బాలిక గీచిన రాజు బొమ్మను ఎన్నుకొనెను. మన దేశము 1964లో పరిశుద్ధ తోమా బిళ్ళను, 2008లో క్రిస్మసు బిళ్ళలను విడుదల చేసెను.

శతవత్సర సంచిక కొరకు మేము పాత కవర్లు అడుగగా, అనేక గృహములలో అవి పొయ్యిపాలైనవని తెలిసి చింతించితిమి. కొందరు పెద్దలు బైబిలులో దాచినవి తెచ్చి ఇచ్చిరి. ప్రియులారా, మిగిలినవాటి బిళ్ళ ఊడదీయకుడి. దానిపైని ముద్రలో ఊరు, తేదీ ఉండును. అదియు మన సంఘచరిత్రకు సాక్ష్యమే.