పని వాహనాల భద్రత: మనస్తత్వం

సంస్థల పని మీద తిరిగే లారీలు, ట్రాక్టర్లు, బస్సులు, కార్లలో ప్రమాదాలు తగ్గించేందుకు డ్రైవర్ల, యాజమాన్యాల ప్రవర్తనను పరిశీలించే అనువర్తిత మనస్తత్వశాస్త్ర విభాగం ఇది.

చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఉన్న గోవాడలో (2022 నుంచి అనకాపల్లి జిల్లా) ఈ సమస్య స్వరూపం కనిపిస్తుంది. నరికిన చెరకు ఆలస్యమయ్యేకొద్దీ బరువూ, తీపీ తగ్గుతాయి. అందుకే గానుగ సీజన్‌లో బళ్లకు తొందర ఎక్కువ. ఎక్కడైనా ట్రిప్పుల లెక్కన డబ్బు చెల్లిస్తే, వేగంగా నడిపినవాడికే లాభం. అలాంటిచోట డ్రైవరును మాత్రమే తప్పుపట్టడం అన్యాయం.

మరో చిక్కు అతివిశ్వాసం. మనస్తత్వవేత్త ఓలా స్వెన్సన్ 1981 అధ్యయనంలో, అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది డ్రైవింగ్ నైపుణ్యంలో తాము కనీసం సగం మంది కంటే మెరుగని చెప్పుకున్నారు. అందరూ తామే నేర్పరులనుకుంటే హెచ్చరిక ఎవరి చెవికెక్కుతుంది?

ఇక్కడ స్వీడన్ టెలిఫోన్ సంస్థ అనుభవం విలువైనది. శిక్షణ, బృంద చర్చ, ప్రచారం, బోనస్ అనే నాలుగు పద్ధతులను వేర్వేరు డ్రైవర్ల బృందాలపై పరీక్షించారు. 1996లో వెలువడిన ఫలితాల్లో ప్రమాదాలు ఎక్కువగా తగ్గింది బృంద చర్చతోనే. డ్రైవర్లు కలిసి కూర్చుని, తమ ఇబ్బందులు తామే చెప్పుకుని, ఏం మార్చుకోవాలో తామే నిర్ణయించుకున్నారు. 1940లలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ చేసిన బృంద నిర్ణయ పరిశోధన ఈ పద్ధతికి మూలం.

అలసటను మాటలు తీర్చలేవు. అందుకే, 2025 వరకు అమల్లో ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961 రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని పరిమితి విధించింది.