కొలాబా రైల్వే స్టేషన్ ఏమైంది?

ముంబయిలో పశ్చిమ రైల్వే లోకల్ మార్గం చర్చిగేట్‌తో ఆగిపోతుంది. కానీ 1930 చివరి వరకు ఈ పట్టాలు మరింత దక్షిణాన ఉన్న కొలాబా దాకా వెళ్లేవి.

ఎప్పుడు కట్టారు?
చర్చిగేట్ స్టేషన్ 1870లో మొదలైంది. తర్వాత బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే కంపెనీ కొలాబాకు లైను పొడిగించింది. అక్కడ కొత్త టెర్మినస్ భవనం 1896లో ప్రారంభమైంది. 1928లో కొలాబా-బోరివలి మధ్య విద్యుత్ లోకల్ రైళ్లు వచ్చాయి. పెషావర్ వెళ్లే ఫ్రాంటియర్ మెయిల్ కూడా అదే ఏడాది ఇక్కడి నుంచే బయల్దేరింది.

మరి ఎందుకు మూసేశారు?
బ్యాక్‌బేలో సముద్రాన్ని పూడ్చి నగరాన్ని విస్తరించే పథకం కోసం చర్చిగేట్-కొలాబా లైను తొలగించాలని నిర్ణయించారు. 1930 డిసెంబరులో దూరప్రాంత రైళ్లకు బాంబే సెంట్రల్ ప్రారంభమైంది. అదే నెల 31తో కొలాబాకు రైళ్లు ఆగిపోయాయి. లోకల్ రైళ్లకు చర్చిగేట్ చివరి స్టేషన్ అయింది. విద్యుత్ రైళ్లు వచ్చి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు అక్కడ ఏముంది?
స్టేషన్ స్థలంలో రైల్వే అధికారుల నివాస సముదాయం బధ్వార్ పార్క్ ఉంది. దాదాపు 95 ఏళ్లపాటు ఈ ప్రాంతవాసులు రైలెక్కాలంటే బస్సులోనో ట్యాక్సీలోనో చర్చిగేట్‌కో, సీఎస్‌ఎంటీకో వెళ్లాల్సి వచ్చింది. 2025 అక్టోబరులో మెట్రో-3 పొరుగునే ఉన్న కఫ్ పరేడ్ దాకా వచ్చింది. ఒకప్పుడు నేల మీద నడిచిన రైలును తిరిగి తేవడానికి ఈసారి సొరంగం తవ్వాల్సి వచ్చింది. పట్టాలు తీసేయడం తేలిక, ఆ దారిని మళ్లీ సంపాదించడమే కష్టం.