‘మేము’లోంచి ‘నేను’: బుల్‌డాగ్స్ బ్యాంక్ పిల్లల ఆత్మభావన, 1945-46

వలస వెళ్లిన యూదు పిల్లల ఆత్మభావనను చర్చించే రచనలు చాలావరకు ఒక బిడ్డ, ఆ బిడ్డ తల్లిదండ్రులు, పోగొట్టుకున్న ఇల్లు అనే మూడింటి చుట్టూ తిరుగుతాయి. కొత్త దేశంలో అడుగుపెట్టేనాటికే బిడ్డకు తానెవరో ఒక ఊహ ఏర్పడి ఉంటుందనీ, వలస దాన్ని దెబ్బతీస్తుందనీ వాటి నమ్మకం. అమ్మ ఒడి గుర్తే లేని పిల్లల దగ్గర ఈ నమ్మకం నిలవదు. మనోవిశ్లేషకురాలు అన్నా ఫ్రాయిడ్, అలాంటి పిల్లల్ని సాకిన సోఫీ డాన్ కలిసి 1951లో ప్రచురించిన పరిశీలనా వ్యాసాన్ని ఈ దృష్టితో మళ్లీ చదవాలి.

అందులో కనబడేది ఆరుగురు పిల్లలు. అందరూ జర్మన్ యూదుల సంతానం. కన్నవాళ్లను నాజీలు చంపేశారు. పసికందులుగానే టెరెజిన్ నిర్బంధ శిబిరంలో తల్లిలేని పిల్లల వార్డుకు చేరి, అక్కడే కలిసి పెరిగారు. 1945లో ఇంగ్లండుకు తెచ్చి, ఆ శరదృతువులో ససెక్స్‌లోని బుల్‌డాగ్స్ బ్యాంక్ అనే ఇంట్లో ఉంచారు. అప్పటికి వాళ్లకు మూడు నాలుగేళ్లు.

వచ్చిన కొత్తలో బొమ్మలు విరగ్గొట్టారు. పెద్దవాళ్లను కొట్టారు, కొరికారు, వాళ్ల మీద ఉమ్మారు. తమలో తాము మాత్రం వేరేగా ఉన్నారు. ఒకడి చేతి తొడుగులు షికారులో పోతే, ఇంకొకడు తనవి తీసి ఇచ్చేశాడు. చలేస్తోందని మాటవరసకైనా అనలేదు. కుక్కను చూసి ఒక పిల్లవాడు కెవ్వుమంటే, తానూ హడలిపోయి ఉన్న పాప వాడి దగ్గరికి నడిచి వెళ్లి తన కుందేలు బొమ్మను చేతిలో పెట్టింది. ఒక్కరు కనబడకపోయినా మిగతావాళ్లు పదే పదే అడిగేవారు.

దీన్ని ఉదారగుణమని మెచ్చుకుని వదిలేయడం తేలిక. నా వాదన వేరు. ఇవ్వడానికి ‘నాది’ అనేది ముందుగా ఉండాలి. ఈ పిల్లల్లో ఆ గీత ఇంకా గట్టిపడలేదు. పక్కవాడి చేతికి చలేస్తే అది తమ చలే. అంటే వాళ్ల ఆత్మభావనకు కొలత ఆరుగురి గుంపు. వలసలో వాళ్లు విడవకుండా వెంట తెచ్చుకున్నదీ అదే.

పెంచినవాళ్ల సంగతీ మరవకూడదు. సోఫీ డాన్, ఆమె చెల్లెలు గెర్‌ట్రూడ్ ఇద్దరూ జర్మనీ నుంచి వచ్చిన యూదు కాందిశీకులే. అన్నా ఫ్రాయిడ్ 1938లో తండ్రితో వియన్నా విడిచి వచ్చింది. కొత్త దేశం ఈ పిల్లలకు ముందుగా ఎదురైంది తమలాగే ఇల్లు పోగొట్టుకున్న ఆడవాళ్ల రూపంలో. ఏడాది తిరిగేసరికి పిల్లల నోట జర్మన్ పోయి ఇంగ్లిషు నిలిచింది.

ఆ ఏడాదిలోనే కొందరిలో తమను పెంచే ఆడవాళ్లలో ఒక్కొక్కరి మీద మమకారం మొదలైంది. ఆమె తనకే కావాలన్న పంతమూ దాని వెంటే వచ్చింది. ఈ పంతాన్ని నేను దిగజారడంగా చూడను. ‘నేను’ పుట్టిన గుర్తు అది. అయినా పెద్దవాళ్లతో కుదిరిన ఏ అనుబంధమూ పిల్లలు తమలో తాము పెనవేసుకున్న బంధమంత బలపడలేదని ఆ వ్యాసమే చెబుతుంది.