కడుపుతో ఉన్నప్పుడు ఉడుకు నీళ్ళు పోసుకోవచ్చా? ఈ భయం ఎక్కడ పుట్టింది?

ఈసారి ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు, యుద్ధాలు లేవు. ఒక బకెట్ ఉడుకు నీళ్ళు ఉన్నాయి, అంతే. కానీ దీని చరిత్ర కూడా తక్కువదేం కాదు, చివరి దాకా వినండి.

మాది చిత్తూరు జిల్లా పూతలపట్టు. మా పక్క ఎవరినైనా "స్నానం చేశావా?" అని అడిగేది తక్కువ. "నీళ్ళు పోసుకున్నావా?" అంటారు. ఈ 'పోసుకోవడం' అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

నాకు చెల్లెలు వరసయ్యే అమ్మాయికి ఇప్పుడు మూడో నెల. ఫోన్లో ఏదో రీల్ చూసి నాకు మెసేజ్ పెట్టింది. "అన్నా, వేడి నీళ్ళు పోసుకుంటే బిడ్డ తలకి, వెన్నుకి లోపం వస్తుందంట కదా? నేను ఈ రెండు నెలలూ రోజూ పోసుకున్నానే!" రెండు రాత్రులు నిద్రే పోలేదంట. నేను డాక్టర్ని కాదు. కానీ ఆ రీల్‌లో మాట ఎక్కడినుంచి వచ్చిందో వెతకడం నాకు చేతనైన పని. వెతికాను.

ముందు మన పాత పుస్తకాలు చూద్దాం. చరక సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో చెమట పట్టించే చికిత్స, అంటే స్వేదనం గురించి ఉంటుంది. ఆ చికిత్స ఎవరికి చేయకూడదో చెప్పేచోట గర్భిణి పేరుంది. ఇక మామూలు స్నానం సంగతికొస్తే, వాగ్భటుడి అష్టాంగ హృదయం ఒంటికి వేడినీళ్ళు బలమంటుంది, తలమీద మాత్రం వద్దంటుంది. అది కూడా కళ్ళకీ జుట్టుకీ మంచిది కాదని. అంటే ఆవిరి పట్టడం వేరు, నీళ్ళు పోసుకోవడం వేరు అని వాళ్ళకి అప్పుడే తెలుసు.

ఇప్పుడు ఆస్ట్రేలియా పోదాం. అక్కడ మార్షల్ ఎడ్వర్డ్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త కడుపుతో ఉన్న గినీ పందుల ఒంటి వేడిని పెంచి చూశాడు. పుట్టిన పిల్లల్లో లోపాలు కనిపించాయి. ఆ పరిశోధన 1967లో అచ్చయింది. 1978లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు, డేవిడ్ స్మిత్ బృందం, లాన్సెట్ పత్రికలో ఇంకో మాట రాశారు: తలభాగం సరిగా ఏర్పడని బిడ్డలు పుట్టిన తల్లుల్లో కొందరికి గర్భం తొలివారాల్లో గట్టి జ్వరం వచ్చింది, లేదంటే వాళ్ళు సౌనాలో కూర్చున్నారు. కారణం ఇదే కావచ్చేమో అన్నారు.

ఆ రోజుల్లోనే అమెరికాలో హాట్ టబ్‌ల మోజు మొదలైంది. జకూజీ పేరు విన్నారు కదా? ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం ఇంటిపేరు అది. నీటి పంపులు చేసేవాళ్ళు. 1968లో నీళ్ళు సుడి తిరిగే తొట్టిని అమ్మకానికి పెట్టారు. తర్వాత ఇళ్ళల్లో, హోటళ్ళలో మెడ దాకా 40 డిగ్రీల నీళ్ళల్లో కూర్చోవడం ఫ్యాషనైంది.

అసలు విషయం ఇక్కడుంది. మన ఒంటికి వేడెక్కితే చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మెడ దాకా వేడినీళ్ళల్లో మునిగి ఉంటే చెమట ఆరేదెక్కడ? వేడి బయటికి పోయే దారి లేక లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది. 39 డిగ్రీల సెంటీగ్రేడ్, అంటే సుమారు 102 ఫారెన్‌హీట్, దాటితే తొలివారాల్లో ప్రమాదం అంటారు. ఎందుకు తొలివారాలంటే, బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు.

1992లో అమెరికాలో సుమారు 23 వేల మంది గర్భిణుల వివరాలు చూశారు. తొలి నెలల్లో హాట్ టబ్ వాడినవాళ్ళ బిడ్డల్లో ఈ లోపాలు 2.8 రెట్లు కనిపించాయి. జ్వరం వచ్చినవాళ్ళలోనూ ఎక్కువే, సుమారు 1.8 రెట్లు. రెట్లు అనగానే కంగారు పడొద్దు, అసలు ఈ లోపాలే చాలా అరుదు.

మరి ఫిన్లాండ్ సంగతేంది? అక్కడ గర్భిణులు కూడా సౌనాకి పోతారు. పాతకాలంలో కాన్పులు కూడా సౌనా గదిలోనే జరిగేవి. అయినా అక్కడ ఈ లోపాలు ఎక్కువ లేవు. వాళ్ళు కొద్ది నిమిషాలే కూర్చుని బయటికి వచ్చేస్తారు. కాబట్టి ఒంటి లోపలికి ఎంత వేడి ఎక్కింది, ఎంతసేపు ఉంది అన్నదే లెక్క.

ఇప్పుడు ఆ 'పోసుకోవడం' దగ్గరికి రండి. మనం చెంబుతో పోసుకుంటాం. నీళ్ళు ఒంటిమీద పడి జారిపోతాయి. గాలి తగులుతుంది, చెమట ఆరుతుంది. పది నిమిషాల్లో అయిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు ఇట్లా పోసుకుంటే లోపలి వేడి 39 దాకా పోదు. టబ్‌లో కూర్చునేవాళ్ళకి పుట్టిన హెచ్చరికని మన భాషలోకి తెచ్చేటప్పుడు 'కూర్చోవడం' కాస్తా 'పోసుకోవడం' అయిపోయింది. మా చెల్లెలికి ఇదే చెప్పాను, డాక్టరమ్మని కూడా ఒకమాట అడగమన్నాను.

ఈ కథలో మన తెలుగాయన కూడా ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ఆయన 1948లో పోయారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేసిన పరీక్షలో ఒక సంగతి తేలింది. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులు మళ్ళీ గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గింది. ఉడుకు నీళ్ళకి భయపడే మనం ఈ చిన్న మాత్రని మర్చిపోతాం. పెళ్ళయి బిడ్డ కావాలనుకున్నప్పటినుంచే వేసుకోవాల్సింది అది.

నిజంగా చూసుకోవాల్సినవి ఇవి. నీళ్ళు మోచేతికి చురుక్కుమంటే చన్నీళ్ళు కలపండి. వేడికి రక్తనాళాలు సాగి బీపీ తగ్గుతుంది, కళ్ళు తిరుగుతాయి, కాబట్టి పీట వేసుకుని కూర్చుని పోసుకోండి, మెల్లగా లేవండి. హీటర్ రాడ్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేదాకా బకెట్ ముట్టుకోవద్దు. గ్యాస్ గీజర్ ఉంటే కిటికీ మూయొద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా రాకుండా ప్రాణం తీస్తుంది. జ్వరం వస్తే "తగ్గిపోతుందిలే" అని ఇంట్లో పడుకోవద్దు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. స్టీమ్ బాత్, హాట్ టబ్ కాన్పు అయ్యాక చూసుకోవచ్చు.

ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఈ వీడియో వాళ్ళకీ, వాళ్ళ అత్తగారికీ ఇద్దరికీ పంపండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.