తూము దాటాక ఎవరి పూడిక వాళ్లదే

జూలై వచ్చేసరికి గోదావరి రంగు మారుతుంది. ‘ఎర్రనీరు వచ్చింది’ అంటారు డెల్టాలో. ఆ నీరు ధవళేశ్వరం తలుపుల గుండా తూర్పు డెల్టా కాలువలోకి దిగి, ఎంతో సేపు పట్టకుండానే కడియం చేరుతుంది. నదిలో ఉన్న ఉరవడి కాలువలో ఉండదు. ఉరవడి తగ్గిన నీరు మొదట ఇసుకను, ఆ తరవాత ఒండ్రును వదిలేస్తుంది. అందుకని మేట ఎక్కువగా పడేది కాలువ మొదట్లోనే. నీళ్లకు కటకటపడేది మాత్రం చివర్లో. కడియం వైపు కాలువ పూడితే కరపలోనో తాళ్లరేవులోనో మడి బీటలు వారుతుంది. పూడిక తీయాల్సింది ఎవరన్న తగవు ఈ డెల్టాలో నూట డెబ్బై ఏళ్లుగా తెగకపోవడానికి మూలం ఇక్కడే ఉంది: మట్టి ఒకరి పొలం పక్కన పడుతుంది, నష్టం ఇంకొకరి పొలంలో తేలుతుంది.

ధవళేశ్వరం ఆనకట్టకు ముందు కూడా ఇక్కడ కాలువలుండేవి. వరద వచ్చినప్పుడు పారి, తీశాక ఎండిపోయేవి. 1833 నాటి కరువు రాజమండ్రి జిల్లాను చావుదెబ్బ తీసింది. జమీందారీలు శిస్తు బకాయిల కింద ఒక్కొక్కటే సర్కారు చేతికి వచ్చాయి. పదేళ్ల తరవాత జిల్లా ఎందుకు చితికిపోయిందో తేల్చమని మద్రాసు ప్రభుత్వం హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. 1844 నాటి తన నివేదికలో ఆయన చెప్పిన కారణాల్లో నీటి వనరులను పట్టించుకోకపోవడం ఒకటి. ఆ వెనుకే ఇంజనీరు ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం దగ్గర, మధ్య డెల్టాకు బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర తలుపులు పెట్టారు.

ఆనకట్టతో పాటే ఒక గీత కూడా పడింది. ప్రధాన కాలువ, దాని కొమ్మలు, లాకులు, పెద్ద తూములు సర్కారువి. తూము దాటి పొలాల్లోకి పోయే పంట బోదెలు రైతులవి. సర్కారు తన వంతు సొంతంగా చూసుకోవడానికి కారణం దయ కాదు, రాబడి. నీటి తీరువా ఒకటి, పడవల రాకపోకలు ఇంకొకటి. రాజమండ్రి నుంచి కాకినాడకు సరుకు ఈ కాలువల మీదే వెళ్లేది, గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవలు లాగేవారు. కాలువ పూడితే పడవ అడుగు నేలకు తగులుతుంది. అందుకే రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేసి పూడిక తీయడం మొదటి నుంచీ పబ్లిక్ వర్క్స్ వారి లెక్కల్లో ఉన్న పని. ఈనాటికీ క్లోజర్ పనులంటే అవే.

బోదెల సంగతి వేరు. వాటికి బిల్లూ లేదు, ఇంజనీరూ లేడు. ఉన్నదల్లా కుడిమరామత్తు అనే పాత ఆనవాయితీ. మునసబు కబురు పెడితే బోదె కింద భూమి ఉన్నవారంతా తమ ఎకరాలకు తగినంత మేర తవ్వాలి, లేదా మనిషిని పంపాలి. పుస్తకాల్లో ఈ మాట చదివితే ఊరంతా కలిసికట్టుగా పార పట్టినట్టు ముచ్చటగా ఉంటుంది. పాతిక ఎకరాల ఆసామి ఎండలో బురద ఎత్తి ఉంటాడని నమ్మడం మాత్రం కష్టం. ఆయన వంతుకు పాలేరు వెళ్లేవాడు. నీటి మీద హక్కు ఒకరిది, తట్ట మోసిన నెత్తి ఇంకొకరిది. తమిళనాడు చెరువుల చరిత్రను తవ్విన డేవిడ్ మాస్ కూడా ఇలాంటి మాటే అన్నాడు: పల్లె సహకారం అని మనం మురిసిపోయే దాని వెనక కులమూ పెత్తనమూ ఉన్నాయని.

ఆనవాయితీ గట్టిగా ఉంటే చట్టం అవసరం పడదు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి నిర్బంధ శ్రమ చట్టం తెచ్చారంటేనే జనం రావడం మానేశారని అర్థం. దానిలో రెండు రకాల పనులున్నాయి. కాలువకో చెరువుకో గండి పడబోతోందంటే చుట్టుపక్కల ఊళ్ల కూలీలను పిలిపించవచ్చు, రానంటే శిక్ష. వచ్చినవారికి కూలి ఇవ్వాలి. గట్టు నిలబెట్టడానికి చెట్లూ వెదుళ్లూ కావాలంటే ఎవరి దొడ్లోంచైనా కొట్టుకోవచ్చు, తరవాత పరిహారం చెల్లించాలి. రెండోది ఆరో సెక్షన్: ఊరి ఆనవాయితీ ప్రకారం తాను చేయాల్సిన పని సరైన కారణం లేకుండా ఎగ్గొట్టినవాడు ఆ పని విలువకు రెట్టింపు కట్టాలి. కాగితం మీద ఇది పదునైన నిబంధనే. కానీ ఊళ్లో ఆనవాయితీ ఏమిటో, ఎవరి వంతు ఎంతో, ఎంత కూలికి రెట్టింపో ముందు రుజువు కావాలి. అవి రుజువయ్యేలోగా తొలి పంట సార్వా నాట్లు అయిపోతాయి. 1901-03 నాటి నీటిపారుదల కమిషన్ ముందుకూ ఈ కుడిమరామత్తు గొడవ వచ్చింది. 1942లో మద్రాసులో ఇంకో చట్టం వచ్చింది. రైతులు ఒప్పుకుంటే మరమ్మతులకు సెస్సు వసూలు చేసుకునే వీలు కల్పించింది. అంటే ఒంటి శ్రమ మెల్లగా డబ్బు లెక్కలోకి దిగుతోంది.

ఈ లెక్క కడియానికే పరిమితం కాదు. అమెరికాలోని న్యూ మెక్సికోలో స్పెయిన్ వారి నాటి అసెకియా కాలువలను నేటికీ వసంతకాలంలో వాటాదార్లే శుభ్రం చేస్తారు. మయోర్డోమో అనే పెద్ద పిలుస్తాడు, రాలేనివాడు కూలి కడతాడు. అదే దేశంలో గేటెడ్ కాలనీల్లో స్థిరపడిన గోదావరి జిల్లాల పిల్లలకు శీతకాలంలో ఇదే చిక్కు మంచు రూపంలో ఎదురవుతుంది. కాలనీ లోపలి రోడ్లు సాధారణంగా సంఘం చందాలతో తోడిస్తుంది, గుమ్మం ముందుది మాత్రం ఇంటివారిదే. చాలా పట్టణాల్లో ఇంటి ముందు కాలిబాట తుడవకపోతే జరిమానా. తూముకు అటూ ఇటూ గీసిన గీత అక్కడ వాకిట్లో ఉంది, అంతే తేడా. ఇంకో తేడా కూడా లేకపోలేదు: మంచు తనంతట తానే కరుగుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో డెల్టా కాలువల్లోకి మట్టికి తోడు గుర్రపుడెక్క వచ్చింది. దక్షిణ అమెరికా నుంచి అలంకారానికని తెచ్చిన మొక్క మొదట బెంగాల్ నీళ్లను కమ్మేసింది. ఎవరి నీటిలో ఉన్నది వారే తీయాలంటూ అక్కడ 1936లో ఏకంగా ఒక చట్టం చేశారు. మన కాలువల్లో అది లాకుల దగ్గర పేరుకుని నీటిని నిలేస్తుంది. మట్టికైనా ఏదో ఒక చోటు ఉంటుంది. గుర్రపుడెక్కకు అదీ లేదు, ఇవాళ ఒకరి హద్దులో ఉన్నది రేపటికి కింది ఊరికి కొట్టుకుపోతుంది.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దుచేసింది. ఆ వ్యవస్థ చేసిన అన్యాయాల గురించి ఎంతైనా చెప్పొచ్చు. కానీ బోదె తవ్వకానికి కబురు పెట్టే గొంతు కూడా దాంతోనే పోయింది. ఆ ఖాళీని పూడ్చడానికి 1997లో రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. తీరువా ఎకరాకు 200 రూపాయలకు పెరిగింది, పెరిగిన డబ్బులో కొంత సంఘాలకే చేరి పూడికతీతకు ఖర్చవుతుందని చెప్పారు. మొదటి ఒకటి రెండేళ్లు శివారు భూములకు నీరు త్వరగా చేరిందని చాలామంది ఒప్పుకున్నారు. తరవాత ఎన్నికలు సమయానికి జరగలేదు, నిధులు ఆగాయి, పనులు కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టని ధరలతో పాటు పూడిపోయిన మురుగు కాలువలనూ కారణంగా చూపారు. తిరిగి సంఘాల ఎన్నికలు 2024 డిసెంబరులో జరిగాయి.

ఈలోగా ఉపాధి హామీ పథకం వచ్చింది. పంట కాలువల పూడికతీత అందులో అనుమతి ఉన్న పని. ఒకనాడు రానందుకు రెట్టింపు వసూలు చేస్తామన్న పనికి ఇప్పుడు ప్రభుత్వమే కూలి ఇస్తోంది. దీన్ని సోమరితనం అనేవాళ్లున్నారు. తట్ట మోసేవాడి వైపు నుంచి చూస్తే ఇది న్యాయం ఆలస్యంగా రావడమే.

కడియంలో చిక్కు ఇంకో రకంగా ముడిపడింది. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ ఇప్పుడు వరి మళ్ల పక్కన నర్సరీలు. దేశమంతటికీ ఇక్కడి నుంచి మొక్కలు పోతాయి. నర్సరీకి నీళ్లు ఎక్కువ కావాల్సింది వేసవిలో, కాలువ కట్టేసేదీ అప్పుడే. అందుకని అక్కడ బోరు తప్పదు. కాలువ నీటి మీద ఆధారం తగ్గిన రైతుకు బోదె మీద శ్రద్ధ తగ్గితే తప్పుపట్టలేం. కానీ బోదె అతని స్థలం గుండానే కింది వరి మడికి పోవాలి. చట్టం దృష్టిలో ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు. భూమి కౌలుకిస్తే, రికార్డుల్లో పేరున్న కౌలుదారుకే సభ్యత్వమని కూడా ఆ చట్టంలో రాశారు. డెల్టాలో కౌలు చాలావరకు నోటిమాట మీద నడుస్తుంది. కాబట్టి చాలా చోట్ల సంఘంలో ఓటు పట్నంలో ఉండే భూయజమానిది. జూన్‌లో నీరొదిలే ముందు పార పట్టుకుని బోదెలో దిగేది మాత్రం ఏ జాబితాలోనూ పేరు లేని కౌలు రైతు.