టియు-142 విమాన ప్రదర్శనశాల, విశాఖపట్నం

టుపొలెవ్ టియు-142 సముద్రంపై నిఘాకు, జలాంతర్గాముల వేటకు సోవియట్ యూనియన్‌లో రూపొందించబడిన సుదూర శ్రేణి సైనిక విమానము. భారత నౌకాదళంలో 29 సంవత్సరాలు సేవలందించి 2017లో విరమణ పొందిన ఈ రకపు విమానాలలో ఒకటి విశాఖపట్నం బీచ్ రోడ్డులో ప్రదర్శనశాలగా భద్రపరచబడినది.

నిర్మాణము

టియు-95 అనే బాంబర్ విమానము దీనికి మూలము. టియు-142 మొదటిసారిగా 1968లో ఎగిరినది. దీని పొడవు సుమారు 53 మీటర్లు, రెక్కల కొనల మధ్య దూరము సుమారు 50 మీటర్లు. దీనికి నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు కలవు. ఒక్కొక్క ఇంజను శక్తి సుమారు 15,000 అశ్వశక్తి. ప్రతి ఇంజనుకు గల రెండు ప్రొపెల్లర్లు పరస్పరం వ్యతిరేక దిశలలో తిరుగుతాయి. ప్రొపెల్లర్లతో నడిచే విమానాలలో అత్యంత వేగవంతమైన వాటిలో ఇది ఒకటి.

పనితీరు

నీటి అడుగున పయనించే జలాంతర్గామి రాడారుకు చిక్కదు. అందువలన విమానము నుండి సోనోబాయ్‌లు అనే తేలియాడే పరికరాలను సముద్రంలోకి జారవిడుస్తారు. ఇవి నీటిలోని శబ్దాలను గ్రహించి, రేడియో ద్వారా విమానానికి పంపుతాయి. వేర్వేరు సోనోబాయ్‌ల నుండి వచ్చిన సంకేతాలను పోల్చి జలాంతర్గామి ఉన్న చోటును అంచనా వేస్తారు.

భారత నౌకాదళంలో

1988లో ఎనిమిది టియు-142 విమానాలు నౌకాదళంలో చేరాయి. మొదట గోవాలోని ఐ.ఎన్.ఎస్. హంస స్థావరం నుండి, 1992 తరువాత తమిళనాడులో అరక్కోణం వద్ద గల ఐ.ఎన్.ఎస్. రాజాళి నుండి ఇవి పనిచేశాయి. 1988 నవంబరులో మాల్దీవులలో జరిగిన ఆపరేషన్ కాక్టస్‌లో ఇవి పాల్గొన్నాయి. మొత్తం మీద సుమారు 30,000 గంటలు ప్రమాదరహితంగా ఎగిరాయి. 2013 నుండి అమెరికా తయారీ పి-8ఐ విమానాలు వీటి స్థానాన్ని ఆక్రమించసాగాయి. 2017 మార్చి 29న రాజాళిలో జరిగిన కార్యక్రమంలో వీటికి వీడ్కోలు పలికారు.

ప్రదర్శనశాల

2017 ఏప్రిల్ 8న ఒక విమానము తన చివరి ప్రయాణంలో విశాఖపట్నం చేరుకున్నది. దానిని విడదీసి బీచ్ రోడ్డుకు తరలించి, తిరిగి కూర్చారు. 2017 డిసెంబరు 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలను ప్రారంభించారు. రోడ్డుకు అవతలి వైపు ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి ఉన్నది. ఇది కూడా సోవియట్ తయారీయే. 1969 నుండి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాలగా మారినది. జలాంతర్గామి ఏ విధంగా దాగుతుందో, విమానము దానిని ఏ విధంగా వెదుకుతుందో విద్యార్థులు ఒకే చోట తెలుసుకొనవచ్చును.

చేరుకొను మార్గము

అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం నుండి తాళ్ళపాలెం, అనకాపల్లి మీదుగా రోడ్డు మార్గంలో విశాఖపట్నం చేరవచ్చును.